అచ్చులో లేని అర్థం

మిస్ ఆడ్లింగ్ చీటీని కిటికీ వెలుగులో చదివి దారంతో కట్టిన చీటీల కట్టలో దోపింది. వేళ్ళు సన్నగా, వంకర తిరిగి ఉన్నాయి. చూపుడువేలి మీద సిరా మరక ఎంత కడిగినా పోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే: జనం పుస్తకాల్లోంచి ఎత్తిరాసి పంపే వాక్యాలను ఇంగ్లీషు నిఘంటువు కోసం అర్థాల వారీగా వేరుచేయడం. పదకొండు నెలలుగా ఒకే క్రియ, ‘కీప్’. దాచడం, పోషించడం, మాట నిలుపుకోవడం, పాలు విరగకుండా ఉండడం. నూట నలభై కట్టలు. ఇవాళ నాలుగింటికి అచ్చుకు వెళ్తాయి.

ఒక అర్థం మిగిలిపోయింది. ఇంగ్లండులోని లింకన్‌షైర్ చిత్తడి నేలల్లో ఆడ్లింగ్ వాళ్ళమ్మ, ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నా వెళ్ళి, మాటా పలుకూ లేకుండా పక్కన కూర్చునేది. “ఇవాళ ఆమెని కీప్ చెయ్యాలి” అంటూ బయలుదేరేది. ఆ అర్థానికి చీటీ ఆడ్లింగే రాసింది. ఏ పుస్తకం, ఏ పేజీ అన్నచోట ఖాళీ.

“ఏదో పాత ప్రసంగాల పుస్తకం పేరు రాసి పడెయ్యండి. ఎవడు చూడొచ్చాడు?” అంది పక్క బల్ల విన్నీ.

“నోర్ముయ్, పిల్లా.” దగ్గు తెర వచ్చి తర్వాతి మాట మింగేసింది. ఆ ఖాళీ నింపబోయి ఆడ్లింగ్ కలం మూడుసార్లు సిరాలో ముంచింది. మూడుసార్లూ ఆరిపోనిచ్చింది.

సంపాదకుడు గార్‌సైడ్ చీటీ తిప్పి చూశాడు. “ఎక్కడ అచ్చయింది?”

“మా అమ్మ అనేదండి.”

“మీ అమ్మగారు అచ్చయ్యారా?”

విన్నీ ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నేను నమ్ముతాను, మిస్ ఆడ్లింగ్. నా నమ్మకం సాక్ష్యానికి రాదు.”

“నాతో పోతుందండి ఆ మాట. ఇంకెవరూ అనరు.”

ఆయన చీటీ తిరిగి ఇచ్చేశాడు.

నాలుగింటికి బండి కట్టలన్నీ తీసుకుపోయింది. ఆడ్లింగ్ తన కుర్చీలోనే శాలువా కప్పుకుని గోడకు తల ఆనించింది. విన్నీ టీ తెచ్చి పిలిచింది. రెండోసారి పిలిచింది. చెయ్యి ముట్టుకుంది.

ఎవరో డాక్టరు కోసం పరుగెత్తారు. మిగతావాళ్ళు పోయిన మనిషికి మర్యాదగా టోపీలు తీసి గుమ్మంలో నిలబడ్డారు. విన్నీ తన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది.

“ఇంటికి వెళ్ళమ్మా. ఏం చేస్తున్నావిక్కడ?” అన్నాడు గార్‌సైడ్.

“ఈమెని కీప్ చేస్తున్నానండి.”

ఆయన తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

మర్నాడు పొద్దున ఊడ్చే మనిషి గదంతా సర్దింది. ఆడ్లింగ్ ఖాళీ కుర్చీకి భుజం ఆనించినట్టు ఉన్న విన్నీ కుర్చీని మాత్రం కదపలేదు.