వాన్‌లింగ్ ముఠా

వచ్చే వారం పని తప్పకుండా ఉంటుందని ట్రాయ్ చెప్పడం, ఆ వచ్చే వారం ఎప్పటికీ రాకపోవడం వాన్‌లింగ్‌కి అలవాటైపోయింది. రెన్మార్క్ ఊరి చివర, నది ఒంపులో ఉన్న ఆ హాస్టలు నడిపేది ట్రాయే. చుట్టుపక్కల నారింజ తోటలకు కూలీలను తోలే మేస్త్రీ కూడా అతనే. మంచం అద్దె పోయేది అతని జేబులోకే, పని దొరికేది అతని దయ మీదే. రోజూ తెలతెలవారుతుండగా వ్యాను వచ్చి ఆగేది. అతను వేలితో చూపించినవాళ్ళు ఎక్కేవాళ్ళు. మిగిలినవాళ్ళు వంటగదిలో చేరి నూడుల్స్ ఉడకబెట్టుకునేవాళ్ళు.

ఆ వేలు వాన్‌లింగ్ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. మనిషి పొట్టి, సన్నం. తైవాన్‌లో, జియాయీ ఊళ్ళో, ఏళ్ళ తరబడి పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేసింది. పళ్ళంటే ఆమెకు తెలిసినవి నోట్లో పళ్ళేగానీ చెట్టు పళ్ళు కావు. ఏడాది వీసా మీద ఈ దేశం వచ్చి, అడిలైడ్‌లో ఒక కాఫీ కొట్లో కొన్ని నెలలు గడిపేసింది. రెండో ఏడాది ఉండాలంటే ఏదో ఒక తోటలోనో పొలంలోనో మూడు నెలలు పనిచేసి తీరాలి. పైగా ముప్ఫై ఒకటి నిండితే దరఖాస్తు పెట్టే అర్హతే పోతుంది. ఆమెకు నవంబరులో నిండుతాయి. అప్పుడే జూన్ సగం గడిచింది.

ఇంటికి తిరిగి వెళ్తే కొంప మునిగేదేమీ లేదు. కానీ చదువు అమ్మ చెప్పింది చదివింది, ఉద్యోగం మేనమామ చూపించింది చేసింది. ఈ ప్రయాణం ఒక్కటే ఆమె తనంతట తాను పెట్టుకున్న పని. దాన్ని సగంలో వదిలేయడానికి మనసొప్పలేదు.

ఒక రోజు ట్రాయ్ వంటగదిలోకి వచ్చి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీకెందుకమ్మా ఈ నిచ్చెనలు, సంచులు? మూడు నెలలు పనిచేశావని నేను సంతకం పెట్టిస్తా. కాస్త ముట్టజెప్పావంటే నువ్వు ఇక్కడే వెచ్చగా కూర్చోవచ్చు."

"చేయని పనికా?"

"అందరూ చేసేదే."

"మా అమ్మ అడుగుతుంది, ఏ చెట్టెక్కావే అని. ఏం చెప్పాలి?" అంది వాన్‌లింగ్. ఆమె ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆ ముక్కలు మాత్రం గట్టిగా పడేవి.

ట్రాయ్ నవ్వి లేచిపోయాడు. ఎదురుగా టీ తాగుతున్న గ్రోన్యా, ఐర్లండు పిల్ల, ఆమె గది సావాసగత్తె, కప్పు కింద పెట్టింది.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాణ్ణి చూశాగానీ, సంతకాలమ్ముకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. పోనీ, నీకు పనెవడిస్తాడే?"

"అడుగుతా. ఇంటింటికీ వెళ్ళి."

మర్నాటి నుంచి వాన్‌లింగ్ గ్రోన్యాను అడిగి ఆమె సైకిలు తీసుకుని కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. ఎర్రమట్టి దారులు, తోట వెంట తోట. కొన్ని గేట్ల దగ్గర కుక్కలే జవాబు చెప్పాయి. కొందరు మేస్త్రీతో మాట్లాడుకోమన్నారు. ఒకాయన ఆమెను ఎగాదిగా చూసి, "ఇక్కడ పిల్లల బడి లేదమ్మా" అన్నాడు. ఆ మాటకు వాన్‌లింగ్ ముఖం కందింది కానీ, థాంక్స్ చెప్పి సైకిలెక్కింది.

నదికి ఆవలి గట్టున, కాలవ చివర, ముసలి చెట్ల తోట ఒకటి కనిపించింది. చెట్లు ఇంటి కప్పును మించిపోయాయి. పైకొమ్మల్లో, అడుగున బొడ్డులాంటి గుంట ఉండే బొడ్డు నారింజలు దీపాల్లా వేలాడుతున్నాయి. నల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ వరండాలో ఆలివ్‌లు కడుగుతోంది. పేరు స్టమటీయా. పడుచుతనంలో గ్రీసు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఊరంతా ఆవిణ్ణి కిరియా అని పిలుస్తారు, వాళ్ళ భాషలో పెద్దింటి ఆడవాళ్ళను పిలిచే పిలుపు.

"పనా? నీకా?" అంది కిరియా. "ట్రాయ్ ముఠాలో ఉన్న మొగాళ్ళే నా చెట్లు ఎక్కం అన్నారు. ఎత్తెక్కువ, కాపు తక్కువ, గిట్టుబాటు కాదంట. నువ్వు చూస్తే గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు."

"సంచి నిండితే బరువు వస్తా. ఎగరను."

ముసలావిడ చేతిలో ఆలివ్‌లు వదిలేసి పకపకా నవ్వింది. "నోరుంది దీనికి! మంచు ఆరాక మొదలుపెట్టు. తడి కాయ మీద చెయ్యేశావంటే చెయ్యి విరగ్గొడతా. తడిగా ఉన్నప్పుడు నలిగితే తొక్క మచ్చపడుతుంది, ప్యాకింగ్ షెడ్డువాళ్ళు తీసుకోరు."

మొదటి రోజు గురించి చెప్పాలంటే, అది పని కాదు, పెనుగులాట. మూడు కాళ్ళ నిచ్చెన ఆమెకంటే రెండింతలుంది. దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసుకెళ్ళడమే ఒక యుద్ధం. మెడకు వేలాడే సంచి నిండుతుంటే భుజాలు కోసుకుపోయాయి. ముళ్ళకు మోచేతులు గీరుకున్నాయి. ఒకసారి నిచ్చెన ఒరిగి గడ్డిలో పడింది, సంచిలో కాయలన్నీ పొర్లిపోయాయి. లేచి, ఏడుపు మింగి, చితికినవి పక్కన పడేసి మళ్ళీ ఎక్కింది. పొద్దుగూకేసరికి పెద్ద చెక్కపెట్టె ఒక్కటి నిండింది. ట్రాయ్ మనుషులకైతే అది పొద్దుటి టీ వేళకే అయ్యే పని.

కిరియా పెట్టెలోకి తొంగిచూసింది. ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. ఇంకోటి తీసింది.

"తక్కువే కోశావు. కానీ ఒక్కదానికీ గోరు గాటు లేదు." లోపలికెళ్ళి పప్పు చారు, రొట్టె తెచ్చి పెట్టింది.

తెల్లారి వాన్‌లింగ్ చేతులు జుట్టు ముడేసుకోవడానికి కూడా పైకి లేవలేదు. గ్రోన్యా ముడేసింది. వేస్తూ వేస్తూ తిట్టింది. మూడో రోజు తిట్టుకుంటూనే తానూ వెంట వచ్చింది. ఇద్దరూ కలిశాక పని పుంజుకుంది. కాయను లాగకూడదు, మణికట్టు తిప్పి విరవాలి. పై నుంచి కిందికి రావాలి, సంచి నిండేసరికి నేల దగ్గరుండాలి. ఇవేవీ ఎవరూ చెప్పలేదు, భుజాలే నేర్పాయి.

తోట సగం కూడా కాకముందే ప్యాకింగ్ షెడ్డు నుంచి కిరియాకు ఫోనొచ్చింది. కాయలు ఎక్కించాల్సిన ఓడ ముందే బయల్దేరుతోంది, వారం చివరికల్లా పంట అందాలి, పైగా ఆదివారం నుంచి పెద్ద వానట. ఆ సాయంత్రమే ట్రాయ్ వ్యాను వాకిట్లో ఆగింది. ఊళ్ళో కబురు దాగదు.

"కిరియా, గిట్టకపోయినా నా ముఠాను పంపిస్తా. రెండ్రోజుల్లో ఊడ్చేస్తారు. ఒకటే మాట, ఈ ఇద్దర్నీ పంపించేయ్. ఎవరికి వాళ్ళు గేటు దగ్గరికొచ్చి పనడిగితే మేస్త్రీ అనేవాడికి విలువేముంటుంది?"

కిరియా చెట్ల వైపు చూసింది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నీళ్ళు కట్టి కాపాడుకున్న పంట అది. ఆవిడ పెదాలు బిగుసుకోవడం వాన్‌లింగ్ చూసింది. తనవల్ల ఆవిడ కాయ నేలరాలితే అంతకన్నా సిగ్గుచేటు లేదనుకుంది.

"కిరియా, మీరు రేపు పొద్దున వరకు ఆగండి. మనుషుల్ని నేను తెస్తా."

"నువ్వా?" ట్రాయ్ నవ్వాడు. "ఎక్కణ్ణుంచి?"

"మీ వంటగది నుంచి."

గ్రోన్యా చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. కిరియా కళ్ళెత్తి వాన్‌లింగ్ని కాసేపు చూసి, ట్రాయ్‌తో అంది: "విన్నావుగా. రేపు పొద్దున దాకా ఆగుతా."

రాత్రి భోజనాల వేళ వంటగది కిక్కిరిసి ఉంది. వాన్‌లింగ్ బల్ల పక్కన నిలబడింది. ఎవరికీ కనపడలేదు. గ్రోన్యా ఆమెను అమాంతం ఎత్తి కుర్చీ మీద నిలబెట్టింది. వాన్‌లింగ్ జీవితంలో ఎప్పుడూ పదిమంది ముందు నోరు విప్పిన మనిషి కాదు.

"పనుంది," అంది. "చెట్లు ఎత్తు. నిచ్చెన బరువు. నేను పడ్డాను, ఇదిగో." చొక్కా చెయ్యి పైకి లాగి గాయం చూపించింది. "కానీ ముసలావిడ అబద్ధం చెప్పదు. చేసిన పనికి కూలిస్తుంది, చేసిన పనికే సంతకం పెడుతుంది. ఇక్కడ ఇంకా ఎన్ని వారాలు నూడుల్స్ తింటారు?"

ఎవరో నవ్వారు. ఒక చిలీ అబ్బాయి లేచి నిలబడ్డాడు. తర్వాత ఇద్దరు కొరియా అమ్మాయిలు. తర్వాత లూకా అనే ఫ్రెంచివాడు, "ఒక షరతు, నూడుల్స్ పెట్టకూడదు" అంటూ. ట్రాయ్ గుమ్మంలో నిలబడి, వెళ్ళేవాళ్ళు తెల్లారేసరికి మంచాలు ఖాళీ చేయాలన్నాడు. ఆ బెదిరింపుతో భయపడినవాళ్ళకన్నా రోషమొచ్చినవాళ్ళే ఎక్కువయ్యారు.

మర్నాడు పొద్దున మూటాముల్లెతో ముఠా కిరియా వాకిట్లో దిగింది. ఒకప్పుడు ద్రాక్ష ఆరబెట్టిన పాత షెడ్డులో ఆవిడ పరుపులు పరిపించింది. నది మీద నుంచి దట్టంగా మంచు పట్టింది. ఆకుల నుంచి చుక్కలు కారుతున్నాయి. ఎండ పొడ రాలేదు. టీ అయిపోయింది, మాటలూ అయిపోయాయి. వాన్‌లింగ్ వాళ్ళచేత పెట్టెలు సర్దించింది, నిచ్చెనలు చెట్లకు వేయించింది, ఉత్త సంచితో ఎక్కడం దిగడం చేయించింది. అయినా ఎండ రాలేదు.

"ఇలా కూర్చుంటే వారం చివరికి కాదు, క్రిస్మస్‌కి అవుతుంది!" అంటూ లూకా సంచి తగిలించుకుని నిచ్చెనెక్కాడు.

"దిగు," అంది వాన్‌లింగ్.

"కొద్దిగా తడే కదా, తుడిస్తే పోతుంది."

"దిగు. మచ్చపడుతుంది."

"చెప్పడానికి నువ్వెవరు? ఓనరమ్మవా?"

కిరియా వరండాలో నిలబడి చూస్తోంది, కల్పించుకోలేదు. వాన్‌లింగ్ నిచ్చెన కింద నిలబడి తలెత్తింది.

"ఈ ముఠా మేస్త్రీని. నా ముఠాలో తడి కాయ ఎవరూ కొయ్యరు. నచ్చకపోతే వెళ్ళు. నచ్చితే దిగు."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. లూకా ఒక్కో మెట్టూ దిగి వచ్చి, టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు, "చిత్తం, మేస్త్రీ గారూ." వెటకారంగానే అన్నాడు, కానీ ఆనాటి నుంచి అందరికీ అదే పేరైపోయింది, వెటకారం ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది.

మధ్యాహ్నానికి మంచు విడి ఎండ కాసింది. ఇక ఆగలేదు. పొడుగువాళ్ళు పైకొమ్మలకు, వాన్‌లింగ్‌లాంటి వాళ్ళు కొమ్మల మధ్యలోకి. ఏ పెట్టెలో కాయ గీరుకుపోయినా ఆమె చెయ్యి పెట్టి బయటకు తీసి, కోసినవాళ్ళకే చూపించేది. తిట్టేది కాదు. అదే వాళ్ళకు తిట్టులా తగిలేది. కొరియా అమ్మాయిలు పాటలు పాడారు. కిరియా వంటగదిలోంచి పళ్ళాలు వస్తూనే ఉన్నాయి. శనివారం పొద్దువాలే వేళకు ఆఖరి చెట్టు ఖాళీ అయింది. తూర్పున మబ్బు కమ్ముకుంటుండగా లారీ పెట్టెలన్నీ ఎక్కించుకుని కదిలింది.

కిరియా వాన్‌లింగ్ని లారీ వెంట ప్యాకింగ్ షెడ్డుకు తీసుకెళ్ళింది. కాయ చూసే పెద్దమనిషి పెట్టెలు దింపించి, అక్కడక్కడా చెయ్యి పెట్టి తీసి, వాసన చూసి, తొడిమలు చూసి తలూపాడు.

"ఈ ఏడు ఇంత శుభ్రంగా వచ్చిన కాయ ఇదే కిరియా. ఎవరి ముఠా? ట్రాయ్‌దా?"

"ట్రాయ్‌దా!" కిరియా వాన్‌లింగ్ భుజం పట్టుకుని ముందుకు తోసింది. "ఇదిగో, ఈ పిట్టది. వాన్‌లింగ్ ముఠా. పేరు సరిగ్గా పలుకు, ఇకమీదట నీకు అవసరం పడుతుంది."

ఆయన రెండుసార్లు తప్పు పలికాడు. మూడోసారి సరిగ్గా పలికి చెయ్యి చాచాడు. వాన్‌లింగ్ తన చెయ్యి చూసుకుంది: పసుపుపచ్చగా, బొబ్బలతో, గోళ్ళ కింద మట్టితో. తుడుచుకోలేదు. అలాగే కలిపింది.

వాన ఆగాక కబురు తోటలు దాటింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పిలిచారు. బొడ్డు నారింజలయ్యాక మాండరిన్లు, వాటి తర్వాత రసం నారింజలు. ముఠాలో కొందరు వెళ్ళారు, కొత్తవాళ్ళు చేరారు. మూడు నెలల పనికి సంతకం పెట్టేటప్పుడు కిరియా కళ్ళజోడు తుడుచుకుని, పేరు కింద గట్టిగా నొక్కి గీత గీసింది. అక్టోబరులో వాన్‌లింగ్ దరఖాస్తు పెట్టింది.

జవాబు వచ్చిన రోజు ఆమె రసం నారింజ చెట్టు మీద, చిటారు కొమ్మల్లో ఉంది. ఫోను కింద గట్టు మీదుంది. గ్రోన్యా అది చూసి కేక పెట్టింది.

"వచ్చిందే! ఇచ్చేశారు! ఇంకో ఏడాది! దిగవే, దిగు!"

చిలీ అబ్బాయి ఈల వేశాడు. కొరియా అమ్మాయిలు పరిగెత్తుకొచ్చారు. వాన్‌లింగ్ కొమ్మను పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిస్తే ఆకుల సందుల్లోంచి నది మెరుస్తోంది.

"వస్తున్నా," అంది. "సంచి ఇంకా నిండలేదు."

మణికట్టు తిప్పి మరో కాయ విరిచి సంచిలో వేసుకుంది.