గైడు లేని ప్రయాణం

ఆ ఇరుకు దగ్గర బోర్డు మీద నిలబడే పోవచ్చా, లేక మోకాళ్ల మీద కూర్చుని చేతులతో రాతిగోడలు పట్టుకుంటూ పోవాలా, అది సంజీవ్‌నే అడగాలి, వాడికే తెలుస్తుంది, అనుకుంటూ పోతున్న అఫ్సర్ కథలాపూర్ దాటాక బండి ఆపాల్సి వచ్చింది, రోడ్డుకు అడ్డంగా మొద్దులు వేసి, రాళ్ల పొయ్యిలు పెట్టి, ఊరు ఊరంతా అక్కడే అన్నం వండుతోంది, సమ్మె మొదలై నెల కావస్తోంది, బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు, జై తెలంగాణ అను, పో అన్నారెవరో, అన్నాడు, మనసారానే అన్నాడు, ఇంత తిని పో తమ్మీ అని ఒకావిడ విస్తరాకు అందించబోయింది, వద్దక్కా, ఎల్లారెడ్డిపేట దాకా పోవాలె, నా దోస్తుకు చెయ్యి పోయింది, చూసొస్త, అనేసి, చెయ్యి పోయింది అని ఎందుకన్నాను, విరిగింది అనాలి కదా, విరిగినది అతుక్కుంటుంది, అనుకున్నాడు, పొగ కళ్లలోకి కొట్టింది, మూసిన కళ్ల వెనక మళ్లీ అవే కొండలు, గడ్డిపోచ మొలవని ఒమన్ కొండలు, వాటిని నిలువునా చీల్చినట్టు లోతైన లోయ, అక్కడివాళ్లు వాదీ అంటారు, పైన ఎడారి మాడిపోతుంటే అడుగున పచ్చటి నీళ్లు, మడుగు వెనక మడుగు, ఆ నీళ్ల మీద పొడుగాటి బోర్డు వేసి, దాని మీద మనిషి నిలబడి, తెడ్డు ఒకసారి ఇటు ఒకసారి అటు వేస్తూ, అలికిడి లేకుండా పోతుంటాడు.

అక్కడ ఇద్దరూ ఒకే టూరిస్టు క్యాంపులో పని, అఫ్సర్ జీపు తోలతాడు, సంజీవ్ టూరిస్టులను బోర్డు ఎక్కించి, నిలబడడం నేర్పి, ముందుండి వాదీలోకి తీసుకుపోతాడు, మానేట్లో ఈత నేర్చినోణ్ని, నన్ను ఏ నీళ్లూ ఏం చెయ్యవు అనేవాడు, ఒకరోజు జీపులో తిరిగొస్తూ వాడే అన్నాడు, అరే అఫ్సర్, మనం గూడ పోదామా, పై నుంచి కింది దాకా, మనిద్దరమే, ఎవ్వని జీతానికి కాదు, ముంగట గైడు లేకుండ, ఎనక సాబు లేకుండ, మన ఇష్టమున్న కాడ ఆగుడు, మన ఇష్టమున్న కాడ పండుడు, ఆ మాట విన్నప్పుడు అఫ్సర్‌కు స్టీరింగ్ మీద చేతులు తేలికైపోయాయి, ఎన్నేళ్లుగానో ఎవరినో ఎక్కించుకుని, ఎవరో చెప్పినచోట దింపి, ఎవరో రమ్మన్నప్పుడు తిరిగి తెచ్చిన మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుందో వాడికి తెలిసే అన్నాడేమో, మేనేజరు కూడా సరేనన్నాడు, సీజన్ మొదలయ్యే ముందు క్యాంపు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకోండి అన్నాడు, గాలి తీసి చుట్టేస్తే వీపుకు తగిలించుకునే బోర్డులు రెండు.

సమ్మె మొదలు కాకముందే సెలవు మీద ఇద్దరూ కలిసే వచ్చారు, జగిత్యాలలో బస్సు దిగి, ఎవరి ఊరికి వాళ్లు విడిపోయే ముందు, హోటల్లో చాయ్ తాగుతూ సంజీవ్ గ్లాసు అడుగున తడిలో వేలు ముంచి బల్ల మీద వాదీ మొత్తం గీశాడు, గిది పై మడుగు, గీడ బండలున్నయి, బోర్డు భుజాన ఏసుకొని దిగాలె, గీడ ఇరుకు, గీడ పండుడు, గోడకు ఎండిన గడ్డి ఎంత ఎత్తున అంటుకున్నదో చూడాలె, వరదచ్చిన్నాడు నీళ్లు గంతెత్తు దాక అచ్చినట్టు లెక్క, మనం దానికన్న మీద పండాలె, ఎక్కడో కొండల్ల వానపడ్డా మన కాడ ఆకాశం నీలంగనే ఉంటది, నీళ్లు మాత్రం గోడ లెక్క అస్తయి, అంటూ వాడు చెప్తుంటే పక్క బల్ల మీది మనుషులు రాష్ట్రం వస్తుందా రాదా అని గట్టిగా వాదించుకుంటున్నారు, సంజీవ్ మధ్యలో అటు తిరిగి, వస్తది, ఎందుకు రాదు, అని వాళ్లకు జవాబిచ్చి మళ్లీ వేలు తడిపాడు, రెండూ ఒకే గొంతుతో చెప్పాడు, వాడికి రెండూ ఒకటేనేమో.

అట్లాంటి వాడు ఊళ్లో ఉండి రోడ్డు మీదికి పోకుండా ఎట్లా ఉంటాడు, సిరిసిల్ల దారిలో కల్వర్టు మీద బైఠాయించిన జనంలో వాడూ కూర్చున్నాడు, పోలీసు జీపు వస్తోందని ఎవరో అరిచారట, జనం ఒక్కసారిగా లేచి ఉరికారట, ఎవరు ఎవరిని తోశారో ఎవరికీ తెలియదు, వాడు కింద రాళ్ల మీద పడ్డాడు, కుడి భుజం ముక్కలైంది, వాళ్లమ్మ బుచ్చవ్వ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది, రాడ్డు ఏసిండ్రు కొడుకా, చెయ్యి రొమ్ము దాటి లేస్తలేదు, ఇగ లేవదంటున్నరు, ఆ తర్వాత క్యాంపు నుంచి పిలుపు, టికెట్లు సిద్ధం, ఇద్దరూ రావాలి, పొద్దున అఫ్సర్ బండి తీస్తుంటే కోరుట్లలో ఇంటి గడప మీద నిలబడి అన్వరీ బేగం, వాని నసీబు వానిది బేటా, నువ్వు నీ నౌకరీ చూసుకో అంది, అమ్మీ, వాడు వస్తడు, నేను తోల్కొస్త చూడు అన్నాడు, ఎందుకంత ధీమాగా అన్నాడో తనకే తెలియదు, దారిలో ఒక ఉపాయం తోచింది, వేములవాడ దాటేసరికి అది పూర్తిగా తయారైంది, రెండు బోర్డులనూ పక్కపక్కన తాళ్లతో కట్టేయాలి, సంజీవ్ కూర్చుంటాడు, తెడ్డు తను వేస్తాడు, బండల దగ్గర రెండు బోర్డులూ తనే మోస్తాడు, వాడు ఎక్కడ తిప్పాలో చెప్తే చాలు.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు లేదు, గనులూ సమ్మెలోనే, బొగ్గు లేదు, కరెంటు లేదు, ఎప్పుడూ గుండెలో కొట్టుకున్నట్టు వినపడే ఊరు ఉత్తగా పడి ఉంది, తలుపుల ముందు మనుషులు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, అఫ్సర్ ఆ చేతుల వంక చూడకుండా బండి పోనిచ్చాడు.

సంజీవ్ మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు, బుచ్చవ్వ వాడి అంగీ గుండీలు పెడుతోంది, అఫ్సర్‌ను చూసి వాడు ఎడమ చేత్తో ఆమె చేతిని పక్కకు నెట్టేశాడు, ఏంరా, అచ్చినవా, కూసో, మొఖం గడ్డం పెరిగి వేరే ఎవరిదో అయిపోయింది, అఫ్సర్ మంచినీళ్లయినా తాగకుండా మొదలుపెట్టాడు, తాళ్లు, ముడులు, పక్కపక్క బోర్డులు, నువ్వు కూసో, నేను తెడ్డేస్త, మేనేజరుతోని నేను మాట్లాడుత, ఆఫీసు పని ఏదన్న ఇస్తడు, సంజీవ్ అంతా విని అన్నాడు, నన్ను కూసోబెట్టి తీస్కపోతవా, మరి గా టూరిస్టుకు నాకు ఫరకేందిరా, మనంతల మనం పోవుడు అనుకున్నం గని మోపిచ్చుకొని పోవుడు అనుకున్నమా, అట్లా కాదు సంజీవ్, అంటే, గట్లనే, అన్నాడు, కోపం లేదు గొంతులో, కోపం ఉంటే బాగుండేది.

నువ్వు పో, ఒక్కనివే పో, అన్నాడు తర్వాత, బోర్డులు మేనేజరు ఎట్లైన ఇస్తనన్నడు గదా, ఎవరో ఒకరం పోవాలె, చెప్పు, ఇరుకుల బోర్డు మీద నిలబడుతవా, కూసుంటవా, అఫ్సర్ నోరు తెరిచాడు, దారంతా వాణ్ని అడగాలనుకున్న మాటను వాడే తనను అడుగుతున్నాడు, నిలబడుత, అన్నాడు, సంజీవ్ తల అడ్డంగా ఊపాడు, ఆడ మీదికెల్లి బండ కిందికి వంగుంటది, తల పలుగుతది, ఇరుకు దాటినంక ఏ పక్కకు పట్టాలె, కుడికి, అన్నాడు అఫ్సర్, ఎడమకురా, కుడికి పోతె నీళ్లు లోపలికి గుంజుతయి, దూరంగ వాన మొగులు కనపడితే ఏం చేస్తవ్, అఫ్సర్‌కు ఎత్తుకు ఎక్కాలని తెలుసు, ఎక్కడ ఎక్కాలో తెలియదు, జగిత్యాల బల్ల మీద గీసిన గీతల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు, వాడు చెప్తున్నాడు కదా అని విన్నాడు, గుర్తుపెట్టుకోలేదు, సంజీవ్ అఫ్సర్ ముఖంలోకే చూశాడు, ఆ చూపులో ఏదో ఆరిపోయింది, సరే తియ్, నీళ్లల్ల దిగుడుకన్న జీపు తోలుడే నయం నీకు, అని నవ్వబోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు, తిరగడానికి ఆ భుజం అడ్డం వస్తే పళ్లు బిగపట్టి తిరిగాడు.

బయట బుచ్చవ్వ బండి దాకా వచ్చి, కొడుకా, మళ్లొచ్చినా గా నీళ్ల ముచ్చట తియ్యకు, మొన్న నువ్వు ఫోన్ల గదే మాట్లాడితివి, ఆనాడు బువ్వ ముట్టలే వాడు, అంది, తిట్టడానికి అనలేదు, బతిమాలుతున్నట్టు అంది, సరే అవ్వా, అన్నాడు, తాను మందు అనుకుని తెచ్చింది వాడికి విషమైంది, ఏ మాట చెప్తే వాడు లేచి కూర్చుంటాడనుకున్నాడో ఆ మాటే వాణ్ని గోడకు తిప్పింది.

తిరుగు దారిలో వేములవాడ మూలవాగు వంతెన మీద జనం బైఠాయించారు, బళ్లన్నీ ఆగాయి, అఫ్సర్ కూడా బండి ఆపి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు, కింద వానాకాలం మిగిల్చిన నీళ్లు సన్నగా, మట్టిరంగులో పోతున్నాయి, పోనీ ఒక్కణ్నే పోతే, అనుకున్నాడు, పై మడుగులో బోర్డు దింపి, ఎక్కి, నిలబడి, తెడ్డు నీళ్లలో పెట్టి, అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది మనసు, మళ్లీ మొదటినుంచి ఊహించాడు, మళ్లీ అక్కడే ఆగింది, ఎందుకంటే ఇన్నాళ్లూ ఊహించిన వాదీలో ప్రతి మలుపులోనూ తనకు ముందు ఒక వీపు ఉంది, చెమటకు తడిసిన సంజీవ్ వీపు, అది తిరిగితే తనూ తిరిగాడు, అది వంగితే తనూ వంగాడు, ఆ వీపు తీసేస్తే వాదీ లేదు, నీళ్లు లేవు, ఉత్త రాళ్లు, అంటే గైడు లేకుండా పోదామన్న మాట వాడొక్కడికే నిజం, జీపులో తన చేతులు తేలికైంది స్వేచ్ఛ దొరికిందని కాదేమో, నమ్మదగిన మనిషి వెనక పోతున్నానని, కట్టిన తాళ్లు, పక్కపక్క బోర్డులు, నువ్వు ఎక్కడ తిప్పాలో చెప్తే చాలు, అన్నాడు తను, చెయ్యి పోయినవాడి దగ్గరికి పోయి అన్నాడు, వాడు తన ముఖంలో చూసింది ఇదే, వాడికి అర్థమైంది, వాడు ఇటువైపు మళ్లీ తిరగడు, వంతెన మీద ఎవరో నినాదం అందుకున్నారు, అఫ్సర్ పొద్దుటినుంచీ దోస్తును చూడడానికి పోతున్నాననుకున్నాడు, పోయింది గైడును పిలుచుకు రావడానికి.