పన్నెండో ముద్ర

గూ పెయ్‌నాన్ భుజాన వేలాడుతున్న పసుపు గుడ్డసంచి ఆయనది కాదు. దాని మూలన సిరాతో రాసిన పేరు యున్‌షియా, ఆయన భార్యది. వరసగా మూడు వసంతాలు ఆమె జియుహువా కొండ మీది గుళ్ళకు కాలినడకన ఎక్కి, గుడికొకటి చొప్పున ఆ సంచి మీద ఎర్రముద్రలు వేయించుకుంది. మొత్తం పదకొండు. అన్నిటికన్నా ఎత్తున ఉన్న నిలువురాతి మఠం ముద్రను కావాలనే చివరికి అట్టేపెట్టుకుంది. నాలుగో వసంతం రాకముందే, చలికాలంలో, ఆమెకు పక్షవాతంతో కుడివైపు పడిపోయింది.

మనిషి పోయినప్పుడు ఆ సంచిని తలకింద పెట్టి సాగనంపుతారు. ముద్రలు చూసి, పోయినవాళ్ళను కాచే క్షితిగర్భ బోధిసత్త్వుడు తనవాళ్ళను గుర్తుపడతాడని ఆ చుట్టుపక్కల ముసలమ్మల నమ్మకం. ఊహు పట్టణంలో ముప్పై ఎనిమిదేళ్ళు భౌతికశాస్త్రం బోధించిన పెయ్‌నాన్‌కు ఆ నమ్మకంలో వీసమెత్తు భాగం లేదు. మూడేళ్ళూ భార్యతో బస్సులో వచ్చాడు. మూడేళ్ళూ కొండకింద టీ అంగట్లో కూర్చుని పుస్తకం చదువుకున్నాడు. సాయంత్రం ఆమె బురదకాళ్ళతో, వెలిగే ముఖంతో దిగివచ్చేది. పైన ఏం చూశావని ఆయన ఒక్కసారైనా అడగలేదు.

"నువ్వెళ్ళి వేయించుకురా, గూ మాస్టారూ," అందామె మొన్న. మాట నెమ్మదించిందే గాని పదును తగ్గలేదు. "నడిచే ఎక్కాలి. కేబుల్ కారు ఎక్కావో, పోయాక దయ్యాన్నై వచ్చి నువ్వు చదివే పుస్తకంలో పేజీలు తిప్పేస్తా."

దయ్యాలు లేవని ఆయన అనలేదు. మర్నాడే బయలుదేరాడు.

డెబ్బై దాటినవాళ్ళకు కొండ మీద ప్రవేశ రుసుము లేదు. ధూపం కొనందే కదలనివ్వకపోవడం మాత్రం అన్ని వయసులకూ సమానమే. పరీక్షలు పాసయ్యే ధూపం, పదోన్నతి ధూపం, మగపిల్లాడు పుట్టే ధూపం విడివిడిగా కట్టలు కట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ తామరపువ్వులో దాచిన స్పీకరు బోధిసత్త్వుడి నామాన్ని ఒకే గొంతుతో, ఊపిరి తీసుకోకుండా జపిస్తోంది. నరకం ఖాళీ అయ్యేదాకా తాను బుద్ధుణ్ణి కానని ప్రతిన పట్టిన ఆ బోధిసత్త్వుడి విగ్రహం ముందు, ఫోనుతో చెల్లించడానికి మూడు చోట్ల క్యూఆర్ గళ్ళ కాగితాలు అంటించారు. పెయ్‌నాన్‌కు కోపం రాలేదు. తను ఊహించినదానికి ఒక్క మెట్టు కూడా తేడా లేకపోవడం ఆయనను విచిత్రంగా నిరుత్సాహపరిచింది. యున్‌షియా ఇందులోంచే నడిచి వెళ్ళింది. ఆ ముఖం ఇక్కడ వెలిగింది మాత్రం కాదు.

కేబుల్ కారు స్టేషను పక్క అంగడామె ఆయన సంచిని దూరం నుంచే పసిగట్టింది.

"పదకొండేనా, పెద్దాయనా? ఇలా తే, పన్నెండోది కొట్టేస్తా. అసలు పన్నెండూ వేసిన సంచులే ఉన్నాయి, కొత్తవి. ఆ పాతది ఎందుకు మోస్తావు?"

ఆమె బల్ల మీద పన్నెండు రబ్బరు ముద్రలు వరసగా నిలబడి ఉన్నాయి. నిలువురాతి మఠానిదీ ఉంది.

"ఇది మఠంవాళ్ళు ఇచ్చిందేనా?"

"బొమ్మ అదేగా! బోధిసత్త్వుడేమైనా భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడా?"

ప్రశ్నలో తర్కం ఉందని పెయ్‌నాన్ ఒప్పుకోక తప్పలేదు. సిరా సిరాయే. చూసి తేడా చెప్పేవాడు పైన లేడన్నది ఆయన జీవితకాలపు నిశ్చయం. అలాంటప్పుడు తన చెయ్యి సంచిని ఎందుకు వెనక్కి లాక్కుందో ఆయనకు అర్థం కాలేదు.

"నడిచి వెళతాను," అన్నాడు.

"వెళ్ళు, వెళ్ళు. మోకాళ్ళు జారిపోతే కింద దొరుకుతాయిలే, ఏరి పెడతా!"

మెట్లు నిలువుగా ఉన్నాయి. వంద మెట్లకొకసారి ఆగాడు. ఆగిన ప్రతిచోటా ఒకటే ఆలోచన: ఆమె ఈ బండ మీద కూర్చుందా? ఈ వెదురు పట్టుకుని లేచిందా? తెలుసుకునే వీలు మూడేళ్ళు చేతిలోనే ఉంది. ఆయన పుస్తకం చదువుకున్నాడు.

మఠం ముంగిట ఒక ముసలి సన్యాసిని పీటమీద కూర్చుని వెదురు మొలకలు ఒలుస్తోంది. స్పీకరు లేదు, గళ్ళ కాగితాలూ లేవు. ఆయన సంచి చాపాడు. ఆమె మూలనున్న పేరు చదివింది.

"యున్‌షియా అంటే ఆడపేరు కదయ్యా."

"నా భార్య."

"ఏదీ?"

"మంచం పట్టింది, గురువమ్మా. నేను ఆమె కోసం ఎక్కాను."

సన్యాసిని సంచిని మడతపెట్టి తిరిగి ఇచ్చింది. "అయితే వేయను. నడిచినవాళ్ళకే ముద్ర."

"కింద అంగట్లో ఎవరికైనా వేస్తున్నారు!"

"అక్కడే వేయించుకో మరి. దగ్గర కూడాను."

"ఆమె రానని అనలేదు," అన్నాడు పెయ్‌నాన్. "రాలేకపోయింది."

"తెలుస్తూనే ఉంది, నాయనా," అంది సన్యాసిని మెత్తగా. "నువ్వు నడిచావు. కావాలంటే నీకు వేస్తాను. ఏదైనా గుడ్డ ఉందా?"

"నాకు నమ్మకం లేదు."

"నమ్మకం సంగతి నిన్నెవరడిగారు? నడిచావా, లేదా?"

ఆయన, బడిలో ఒకరి పరీక్ష ఇంకొకరు రాస్తుంటే చెయ్యిపట్టి లేపి బయటికి పంపిన మనిషి. ఆ న్యాయం ఇదేనని గుర్తుపట్టాడు. అవతలి పక్క నిలబడితే అది ఇంత నొప్పి పెడుతుందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

గోడవారకు వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. యున్‌షియాను కనిపెట్టుకుని ఉన్న మరదలు ఫోనును ఆమె చెవి దగ్గర పెట్టింది. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వేయనందా? ఎంత బతిమాలినా?"

"వేయనంది. కింద అంగట్లో అదే ముద్ర ఉంది. నువ్వు ఊఁ అంటే..."

"ఛీ, వద్దు." తర్వాత ఆమె నవ్విందో ఏడ్చిందో ఆయన పోల్చుకోలేకపోయాడు. "మంచి మనిషే ఉందన్నమాట అక్కడ. ఆ చోటు ఖాళీగానే ఉండనీ, తీసుకురా. నీకు వేస్తానందా?"

"అంది. నాకెందుకు?"

"వేయించుకో. లేకపోతే పోయాక అక్కడికొచ్చి కూడా టీ అంగట్లోనే కూర్చుంటావు."

పెయ్‌నాన్ చెమట తుడుచుకున్న చేతిరుమాలునే చాపాడు. సన్యాసిని చెక్కముద్రను ఎర్రసిరాలో అద్ది, తన బరువంతా మోపి నొక్కింది.

"వేసింది," అన్నాడు ఫోనులో.

"గూ మాస్టారూ, అక్కణ్ణుంచి ఏం కనిపిస్తోంది?"

ఆయన ముంగిలి అంచుకు నడిచాడు. "ఉత్తరాన యాంగ్‌ట్సీ నది. తగరపు రేకులా, సన్నగా. మధ్యలో ఒక చోట మబ్బు నీడ పడింది."

"ఇంకా?"

"నదికి ఇవతల పొలాలు. ఆవపూలు పూసినట్టున్నాయి, పసుపు."

"ఇంకా?"

"చలిగా ఉంది. సాయంత్రం బస్సు అందుకోవాలంటే ఇక దిగడం..."

"తొందరపడకు," అంది యున్‌షియా. "నువ్వు దిగితే నాక్కూడా యాత్ర అయిపోతుంది."

పెయ్‌నాన్ మఠం గడప మీద కూర్చున్నాడు. ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఉత్తరం అయింది," అన్నాడు. "తూర్పుకి తిరుగుతున్నాను."