థోరా అట్టేపెట్టుకున్న ముఖం

ఆ చలికాలమంతా థోరా పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, కాఫీ తాగి పనిలోకి వెళ్ళేది. గడ్డం హెర్లూఫ్‌ది. ఆయన నవంబర్లో పోయాడు, వారం తిరక్కముందే ఆయన ముఖం ఆవిడకి వచ్చేసింది. మా స్వానెకె ఊళ్ళో అది మామూలే. భర్త పోతే భార్యకి, భార్య పోతే భర్తకి పోయినవాళ్ళ ముఖం వస్తుంది, కొన్నాళ్ళుండి దుఃఖం తగ్గేకొద్దీ పోతుంది. హెర్లూఫ్‌కి ముక్కు పెద్దది, గడ్డం దట్టం, కాబట్టి థోరాకి కాస్త చాకిరీ ఎక్కువైంది. రొట్టెల కొట్టులో అమ్మాయి ఆవిణ్ణి చూసి, "హెర్లూఫ్ వచ్చేశాడన్నమాట," అని రై రొట్టె కట్టి ఇచ్చింది. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఆవిడ పని హెర్రింగ్ చేపల్ని పొగబెట్టడం. రేవు పక్కనున్న పాత కొట్లో ఆల్డర్ కట్టెలు రాజేసి, చేపల్ని చువ్వలకి గుచ్చి పొగలో వేలాడదీసి, బంగారు రంగు తిరిగాక దించుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పని, అదే అద్దె కొట్టు. ఇప్పుడు యజమాని దాన్ని అమ్మేస్తానంటున్నాడు. కోపెన్‌హాగెన్ వాళ్ళెవరో వేసవిలో ఉండడానికి ఇల్లు చేసుకుంటామని అడుగుతున్నారట. "ఏప్రిల్ దాకా ఆగుతాను, ఆలోగా నువ్వు కొనుక్కుంటే నీకే," అన్నాడు. ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే.

కొనడానికి డబ్బు ఉంది, కానీ చేతిలో లేదు. పడవ అమ్మగా వచ్చిందంతా హెర్లూఫ్ బిట్‌కాయిన్లో పెట్టాడు. పెట్టి, కొన్న ఆన్‌లైన్ ఎక్స్ఛేంజిలోనే వదిలేశాడు. తాళం మన దగ్గరుంటే ఎక్కడో పారేస్తాం, వాళ్ళ దగ్గరుంటేనే భద్రం అనేవాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి కాబట్టి థోరా కూడా సరేనంది. ఆ ఎక్స్ఛేంజికి వెళ్ళి అడగడానికి ఒక తలుపు లేదు, అరవడానికి ఒక ఫోన్ నంబరు లేదు. నేను భార్యనని, ఆయన పోయాడని రాయబోతే, ముందు హెర్లూఫ్ ఖాతాలోకి రండి, అక్కడినుంచి రాయండి అని ఒక యంత్రం జవాబిచ్చింది. పోయినవాణ్ణి ఎలా రమ్మంటారో తెలియక ఆవిడ ఊరుకుంది.

పక్కింటి ప్రేబెన్ పూర్వం ఫెర్రీలో టికెట్లు చూసేవాడు, రిటైరయ్యాక లైబ్రరీలో పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పుతున్నాడు. జోకులేయడంలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. మా దగ్గర ముఖం మారినవాళ్ళని నవ్వించడం ఇరుగుపొరుగు బాధ్యత. కడుపారా ఒక్కసారి నవ్వితే చాలు, సొంత ముఖం తిరిగొచ్చేస్తుంది. ప్రేబెన్ అలా ఎంతమందిని గట్టెక్కించాడో. థోరా ఇంటికీ ఆ పనిమీదే వచ్చాడు. కుర్చీ లాక్కుని జోకు మొదలెట్టబోతుంటే, థోరా బల్లమీదున్న హెర్లూఫ్ ఫోన్ని పక్కకి పెడదామని చేతిలోకి తీసుకుంది. ఫోన్ ఆవిడ ముఖం చూసి తెరుచుకుంది.

ప్రేబెన్ చెప్పబోయిన జోకు మింగేశాడు.

"అయితే ఎక్స్ఛేంజీ తెరుచుకుంటుంది," అన్నాడు. "థోరా, నువ్వు నవ్వకు."

ఆ రోజునుంచి అతను మొహం మాడ్చుకుని వచ్చి పాఠం చెప్పేవాడు. ఎక్స్ఛేంజిలో ఉన్నది నీది కాదు, ఇస్తామన్న వాళ్ళ మాట మాత్రమే నీది అన్నాడు. బిట్‌కాయిన్ మన దగ్గరే దాచుకునే బొటనవేలంత పరికరం ఒకటి పోస్టులో తెప్పించాడు. అది చూపించిన ఇరవై నాలుగు మాటలే దాని తాళమని, పెన్సిల్‌తో కాగితంమీద రాసుకోమన్నాడు. ఫోటో తియ్యకు, కంప్యూటర్లో కొట్టకు, నాకు కూడా చూపించకు అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ముందు చిన్న మొత్తం పంపి చూడమన్నాడు. ఒక్క అక్షరం తప్పితే డబ్బు ఎవరికీ చెందకుండా పోతుందని థోరా పరికరం ఇచ్చిన పొడుగాటి చిరునామాని వేలు పెట్టి మూడుసార్లు చదువుకుంది. కాసేపటికి యాభై క్రోన్ల విలువ పరికరంలోకి వచ్చి పడింది. "వచ్చింది, ప్రేబెన్!" అని ఆవిడ పొంగిపోయింది. మర్నాడు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తే, హెర్లూఫ్ నీలికళ్ళలో ఎడమది బూడిద రంగుకి తిరిగింది. అది ఆవిడ కన్ను.

పెద్ద మొత్తం తియ్యాలంటే ఖాతాదారు మార్చి నెలలో వీడియోలో కనబడి ముఖం చూపించాలని ఎక్స్ఛేంజి చెప్పింది. అప్పటిదాకా దుఃఖం తగ్గకూడదు. థోరా ఇరుగుపొరుగుని రావద్దంది, రేడియో తీసేసింది, కొట్లో చేపలు కొనేవాళ్ళతో ధర తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. వారంలో కన్ను మళ్ళీ నీలమైంది.

జనవరిలో కూతురు సిగ్నెకి రన్నెలో ఆడపిల్ల పుట్టింది. అల్మా అని పేరు పెట్టారు. రన్నె ఎంతో దూరం లేదు, బస్సెక్కితే కాఫీ వేళకి చేరుకోవచ్చు. థోరా వెళ్ళలేదు.

"అమ్మా, ఒక్కసారి వచ్చి ఎత్తుకో," అంది సిగ్నె ఫోన్లో.

"ఎత్తుకుంటే సంతోషం వస్తుందే."

"రావాలనే కదా!"

"వస్తే ఈ ముఖం పోతుంది. ముఖం పోతే కొట్టు పోతుంది."

పోయిన మనిషి తనేనని చెప్పుకుని డబ్బు తియ్యడం తప్పు కాదా అని సిగ్నె అడిగింది. ఆయన డబ్బు, ఆయన ముఖం, మధ్యలో నేనెవర్ని అంది థోరా.

"నాన్న ఎలాగూ లేడు," అంది సిగ్నె. "ఇప్పుడు అమ్మ కూడా లేకుండా చేస్తున్నావు." ఫోన్ పెట్టేసింది.

ఆ మాట థోరాని నిజంగానే ఏడిపించింది. ఏడుస్తూనే, ఇది ఇంకో నాలుగు రోజులకి సరిపోతుంది అనుకుంది. మనిషి అలా తయారైంది.

ఫిబ్రవరి ఆఖరుకి ఏడుపు అడుగంటింది. హెర్లూఫ్ స్వెటర్ వాసన చూసినా, పడవ ఫోటో చూసినా ఏమీ రావడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆస్పత్రిలో ఆఖరి రోజున గొట్టం పెట్టిన ముక్కు దురదపెడుతోందని, కాస్త గోకమని అడిగాడు హెర్లూఫ్. ఆవిడ గోకింది. "కొంచెం ఎడమకి," అన్నాడు. తర్వాత ఇంకేమీ అనలేదు. నలభై ఏళ్ళ కాపురం చేసినవాడి ఆఖరి మాట అది. ఎప్పటికైనా సిగ్నెకి చెప్పి ఇద్దరూ పడీపడీ నవ్వుకోవాలని థోరా దాన్ని దాచుకుంది. ఇప్పుడు దాన్నే రోజూ బయటికి తీసి ఏడ్చింది. మొదట్లో ఏడుపుతోపాటు నవ్వు కూడా వచ్చేది. పెదవి కొరికి ఆపేది.

వీడియో రోజున ప్రేబెన్ కనబడకుండా తలుపు దగ్గర కూర్చున్నాడు. థోరా హెర్లూఫ్ కోటు తొడుక్కుని మెడకి మఫ్లర్ చుట్టుకుంది. గొంతు పోయింది, మాట్లాడలేను అని ముందే రాసి పంపారు. తెరమీద ఎక్స్ఛేంజి తాలూకు అమ్మాయి ఎవరో, మంచిపిల్లే, తలూపితే చాలంది. పాస్‌పోర్ట్ చూపించమంది. తల కుడికి తిప్పమంది, ఎడమకి తిప్పమంది.

"ఇంకా," అంది. "కొంచెం ఎడమకి."

థోరా భుజాలు కదిలాయి. నవ్వు అడుగునుంచి ఉప్పెనలా తన్నుకొచ్చింది. ప్రేబెన్‌కి సంగతి తెలియదు గాని, ఎంతోమందిని నవ్వించినవాడు కాబట్టి వచ్చేది ఏమిటో తెలిసింది. కళ్ళు మూసుకున్నాడు. థోరా పళ్ళు బిగించి, బల్ల అంచు పట్టుకుని, ఆ నవ్వుని మింగింది. చేపముల్లు దిగినట్టు దిగింది. తల కొంచెం ఎడమకి తిప్పింది.

"థాంక్స్, హెర్లూఫ్," అంది ఆ అమ్మాయి.

మర్నాటికి డబ్బంతా ఆవిడ పరికరంలోకి వచ్చేసింది. ఆ నెలాఖరుకి ఎక్స్ఛేంజి మూతపడింది. అందులో దాచుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. థోరా తన బిట్‌కాయిన్ అమ్మి ఏప్రిల్లో కొట్టు కొనేసింది. గట్టి మనిషి అని ఊరంతా మెచ్చుకున్నాం.

ప్రేబెన్ డబ్బు వచ్చిన సాయంత్రమే కేకు తెచ్చి, చలికాలమంతా ఆపుకున్న జోకులన్నీ విప్పాడు. "ఇంక నవ్వొచ్చు, థోరా," అన్నాడు. ఆవిడ శ్రద్ధగా విని, నవ్వకుండానే బాగుంది అంది. మర్నాడూ అలాగే అంది. రన్నె వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. సంతోషం వచ్చింది, కళ్ళనీళ్ళు తిరిగాయి, మింగిన నవ్వు మాత్రం పైకి రాలేదు, హెర్లూఫ్ ముఖం పోలేదు. ప్రేబెన్ ఏడాదిపాటు వచ్చి, తర్వాత మానుకున్నాడు. అతను ఓడిపోయింది ఆవిడ ఒక్కర్తి దగ్గరే. తన పాస్‌పోర్ట్ గడువు తీరినప్పుడు ఆవిడ హెర్లూఫ్ ముఖమున్న కొత్త ఫోటోతోనే తీసుకుంది.

సిగ్నె రాజీపడలేదు. తల్లి పాత ఫోటో ఒకటి సంపాదించి, పిల్లకి మాటలొచ్చే వేళకి రోజూ చూపించి "అమ్మమ్మ, అమ్మమ్మ" అని నేర్పింది. వేసవిలో ఇద్దరూ స్వానెకె వచ్చారు. కొట్టు ముందు బెంచీమీద కూర్చుని సిగ్నె ఆ పాత ఫోటో సంచిలోంచి తీసి పట్టుకుంది. అల్మా ఫోటోలో ఉన్నావిణ్ణి ఎవరో పరాయివాళ్ళని చూసినట్టు చూసి, పక్కకి తోసేసింది. థోరా ఒళ్ళోకి ఎక్కింది. ఆ పెద్ద ముక్కుని గుప్పిట్లో పట్టుకుంది.

"తాత," అంది.

సిగ్నె దిద్దబోయింది. థోరా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పిల్ల మళ్ళీ పిలిచింది.

"ఊఁ, తల్లీ," అని పలికింది థోరా.