ధరలు పెరుగుతాయా అని అడిగారు

పోరంకిలో కడుతున్న అపార్ట్‌మెంట్ల ఎదుట ఆదెమ్మ పునుగుల బండి. ప్లేటు ముప్పై రూపాయలు, పది పునుగులు. పని దిగిన మేస్త్రులు, కూలీలు అక్కడ తిని పామర్రు బస్సెక్కుతారు. వాళ్లు తింటే ఆమె బతుకుతుంది. అంతే.

బండికీ గ్రైండరుకీ తీసుకున్న బ్యాంకు అప్పుకు కిస్తీ నాలుగు వేల మూడు వందలుండేది. ముంబయిలో దేశానికంతటికీ వడ్డీలు తేల్చే కమిటీ కూర్చుని రేటు పెంచినప్పుడల్లా ఇదీ పెరిగి నాలుగు వేల ఆరు వందలైంది. మినప్పప్పు కిలో నూట పది నుంచి నూట ముప్పై అయిదుకి ఎక్కింది. రెండు కిస్తీలు తప్పాయి. ఎల్లుండి శుక్రవారం మూడోది కూడా తప్పితే బండి లాక్కుపోతామని బ్యాంకువాళ్లు చెప్పేశారు. ప్లేటు నలభై చెయ్యాలి. పొద్దుటి నుంచీ ఆ మాట ఆమె నోట్లోనే ఉంది. బయటికి రావడం లేదు.

దీపాలు పెట్టే వేళకి వినీల వచ్చింది, చేతిలో ట్యాబ్‌తో. ఊరంతా తిరిగి జనం ఏమనుకుంటున్నారో రాసి పైన ఆ కమిటీకి పంపే కాంట్రాక్టు ఉద్యోగం ఆ పిల్లది.

"ఆంటీ, ఒక్క ప్రశ్న. వచ్చే ఏడాది ధరలు పెరుగుతాయా, ఇలాగే ఉంటాయా?"

ఆదెమ్మ మూకుడు మీంచి తల ఎత్తలేదు. "ఏం పెరగవమ్మా. చల్లగా ఇలాగే ఉంటాయి."

బల్ల మీద కూర్చున్న దుర్గాప్రసాద్ మేస్త్రి పకపకా నవ్వాడు. "నిన్న నూనె డబ్బా కొని ఏడ్చిందెవరక్కా? నేనా?"

"సందెవేళ చెడ్డమాట అంటారా ఎవరైనా? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. పెరుగుతాయంటే పెరిగి కూర్చుంటాయి!"

"మేం చర్చికెళ్లేవాళ్లం ఆంటీ, నా ముందు అనొచ్చు," అంది వినీల. "అయినా పైవాళ్లు కూడా మీలాగే అంటారు. పెరుగుతాయని జనం అనుకుంటే ముందే కొనేస్తారంట, షాపులవాళ్లు ముందే రేటు పెంచేస్తారంట, దాంతో నిజంగానే పెరుగుతాయంట. అందుకే ఈ ప్రశ్న."

ఆదెమ్మ చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. "పెరుగుతాయని చెబితే ఏం చేస్తారు?"

"వడ్డీ పెంచొచ్చు."

"నా కిస్తీ?"

"అదీ పెరుగుద్ది ఆంటీ."

"పెరగవంటే?"

"జనానికి బాగానే ఉందనుకుంటారు. వడ్డీ తగ్గించినా తగ్గించొచ్చు. అప్పుడు మళ్లీ సరుకులు ఎక్కుతాయేమోనని భయం."

"తగ్గించకపోతే మా సంగతి?" అన్నాడు మేస్త్రి. ఇప్పుడు నవ్వడం లేదు. "ఈ వడ్డీలకి అప్పు పుట్టక మా బిల్డరు రెండో బ్లాకు ఆపేశాడు. ఇరవై మందిమి ఉండేవాళ్లం. ఆరుగురం మిగిలాం."

"మరి నన్నేం చెప్పమంటారర్రా!" అంది ఆదెమ్మ. "ఇటు చెబితే కిస్తీ మింగుద్ది, అటు చెబితే పప్పు మింగుద్ది. మధ్యలో వీళ్లకి పని పోద్ది. ఎటు చెబితే నేను బతుకుతానో అది రాసుకో తల్లీ."

అలాంటి గడి ట్యాబ్‌లో లేదు. ధరనీ వడ్డీనీ పనినీ కలిపి తూచడం కష్టమే, కాదనేదెవరు? కానీ తూచేవాళ్ల తిండి ఆ తక్కెడలో ఉండదు. ఆదెమ్మది ఉంది.

"నిజం చెప్పండి ఆంటీ. అంతకంటే నాకూ తెలీదు."

"పెరుగుతాయి. బాగా పెరుగుతాయి. రాసుకో!"

వినీల నొక్కింది. తలొంచుకుని పక్క కొట్టుకి వెళ్లింది.

"నువ్వూ పెంచుతావా అయితే?" మేస్త్రి అడిగాడు.

నలభై అనాలి. ఆదెమ్మ అతని మొహం చూసింది, సిమెంటు అంటిన చేతులు చూసింది. "ముప్పయ్యే," అంది. ఆకులో పునుగులు వేసి చట్నీ పోసి ఇచ్చింది.

అతను తినబోయి ఆగాడు. వేలితో ఒక్కొక్కటే జరిపి చూశాడు. ఎనిమిది.

తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, మూడు పదులు బల్ల మీద పెట్టాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు:

"రేపట్నుంచి ఇద్దరిద్దరం కలిసి ఒక ప్లేటు తీసుకుంటాం అక్కా. ఏమనుకోకు."

ఆరుగురికి మూడు ప్లేట్లు.