చుక్కలు ఊడ్చే మనిషి

"ఆరు నెలలు ఊడువమ్మా, ఆ తర్వాత నిన్నే ఆపరేటర్‌గా మిషన్ మీద నిలబెడతాను."

షెడ్డు యజమాని వెంకటనారాయణ ఈ మాటిచ్చి మూడేళ్లయింది. ప్రగతి నగర్ వెనకున్న ఆ షెడ్డులో కనకలక్ష్మి ఇంకా ఊడుస్తూనే ఉంది. గోడ మీద మాత్రం 'ఇక్కడ పనే పెద్దరికం' అని ఎర్రటి అక్షరాలు.

ఆ మిషన్‌ను చేత్తో తిప్పక్కర్లేదు. తెర మీద అంకెలు కొడితే చాలు, ఎక్స్ అంకెకు కుడికీ ఎడమకీ, వై అంకెకు ముందుకీ వెనక్కీ, జెడ్ అంకెకు పైకీ కిందికీ తనే కదిలి ఇనుమును చెక్కుతుంది. అంకె పక్కన చుక్క మరవకూడదు, అంతే. యాభై పక్కన చుక్క ఉంటే యాభై మిల్లీమీటర్లు కదులుతుంది. లేకపోతే వెంట్రుకంత.

పొద్దున మిషన్ వేయగానే చుక్కలు తెర దిగి దోమల్లా షెడ్డంతా తిరిగేవి. కనకలక్ష్మి వాటిని ఇనుప రజనులోంచి చీపురుతో వేరుచేసి, కొంగులో పట్టి, ఏది ఏ అంకెదో చదువుకుని అతికించేది. అప్పటిదాకా అందరూ టీ తాగేవాళ్లు.

"లక్ష్మక్కా, జెడ్ పక్కన చుక్క పెట్టేశావా?" అనేది ప్రోగ్రాములు రాసే సంయుక్త.

"అదే దొరుకుతలేదు బిడ్డా... అరె, నీ కండ్లద్దాల మీదనే కూసున్నది! జర కదలకు, తీస్త."

ఆ సోమవారం వెంకటనారాయణ తేజ అనే కొత్త ఆపరేటర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. "డిప్లొమా చేశాడు. ఏ చుక్క ఎక్కడో ఇతనికి కాస్త నేర్పమ్మా."

"నేర్పెటందుకు నేను, నిలబడెటందుకు ఆయననా సార్?"

"నీకు చదువు లేదు కదమ్మా."

ఏడో తరగతి చదివిన కనకలక్ష్మి సంయుక్త దగ్గర కాగితం అడిగి రాసింది: 'నన్ను మిషన్ మీద నిలబెడుతరా, లేదా? జవాబు రాసియ్యాలె.' కింద గడువు తేదీ వేసింది, అంకెలు మాత్రమే.

ఆ రోజు కొంగులోని చుక్కలు తెర వైపు వెళ్లలేదు. రెండు లేచి తేదీ అంకెల మధ్య కూర్చున్నాయి. మిగతావి కాగితం అంచున వరుస కట్టాయి. తేజ చప్పట్లు కొట్టి పిలిచాడు. వెంకటనారాయణ గోటితో గీకాడు. ఒక్కటీ ఊడలేదు. మిషన్ ఆగిపోయింది. సంయుక్త వచ్చి ఆ కాగితం కింద తనూ సంతకం చేసింది.

వెంకటనారాయణ రెండుసార్లు చదివాడు. మూడేళ్లలో మొదటిసారి "కనకలక్ష్మి గారూ" అన్నాడు. "ఎప్పటిలోగా చెప్పాలండి?"

ఆమె వేలు పెట్టి చూపించింది.

22.12.2025.