ఆ గదిలో ఏం చెప్పుకునేవాళ్లు?

పనిచేసే బిడ్డలారా, చదువుకునే పిల్లలారా, ఇది నేను కళ్లారా చూసిన సంగతి. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా ఆవిడ అంటుంది. ఇది మాత్రం ఆ రెండో సగంలోది.

మాది బట్టలుతికే ఫ్యాక్టరీ. ఊళ్లో ఆసుపత్రుల దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. నా పని బాయిలర్ దగ్గర. అక్కడ వేడి ఎంతటిదంటే, పొగగొట్టం మీదుగా ఎగిరిన కాకి అవతలికి చేరేసరికి తెల్లబడి, గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిర్రుగా దిగేది. నమ్మకపోతే మీ ఖర్మ.

ఒకరోజు మడతల బల్ల దగ్గర ఓ పిల్ల ఏడుస్తోంది. బండ్లు తోసేవాణ్ణి మేం చక్రం అని పిలిచేవాళ్లం, వాడి పెళ్లామే ఆ పిల్ల. నెల కిందటే వాళ్ల పసిబిడ్డ పోయింది. కన్నీళ్లు దుప్పటి మీద రాలాయి. కాంట్రాక్టర్ చూశాడు.

"మరక చేశావు. మళ్లీ ఉతుకు."

"నీళ్లే కదయ్యా, ఆరిపోతాయి."

"రోగుల దుప్పటి మీద నీ ఏడుపేంటి? ఉతుకు. నీ తిండి వేళలో ఉతుకు."

అందరం చూశాం. చూసి ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. పిల్ల ఉతికింది, ఆరేసింది, తిన్నగా వెళ్లి వెనక నీళ్ల తొట్టి గట్టెక్కింది. నిలువు లోతు తొట్టి. అదే బల్ల దగ్గర పనిచేసే మా ఆవిడ పరుగెత్తి జడ పట్టుకుని వెనక్కి లాగింది.

లాగి ఊరుకోలేదు. సర్కారు ఆరోగ్య కేంద్రానికి పోయి ఓ నర్సమ్మని వెంటబెట్టుకొచ్చింది. మనసు చితికినవాళ్లని చూసుకోడానికి పేటపేటకీ తిరగడం ఆమె పనట. ఆడవాళ్లు మూలనున్న పాత సామాన్ల గది ఊడ్చుకున్నారు. వారానికోసారి పని దిగాక బట్టల మూటల మీద గుండ్రంగా కూర్చునేవాళ్లు. ఒకరు గోడు చెప్పుకోవడం, మిగతావాళ్లు వినడం. అక్కడి మాట గడప దాటకూడదని కట్టుబాటు. ఆ పిల్ల మెల్లగా నాలుగు ముద్దలు తినసాగింది.

నర్సమ్మ మమ్మల్నీ రమ్మంది. "మాకేం పిచ్చా?" అన్నాం మీసాలు దువ్వుకుంటూ.

అసలు పిచ్చి మాకు ఆ తర్వాతే పట్టింది. ఆడవాళ్లు తేటపడిన మొహాలతో బయటికొచ్చేవాళ్లు. ఒక్కోసారి లోపల్నుంచి నవ్వులు కూడా వినపడేవి. ఎవర్ని తలుచుకుని? మాకు కడుపు రగిలిపోయేది.

"ఏం చెప్పావే?" అని అడిగాను మా ఆవిడని.

"ఏదో చెప్పుకున్నాంలే."

"నా గురించేనా?"

"నీ గురించి చెప్పుకోడానికేముంది?"

ముప్పై ఏళ్ల కాపురం! చెప్పుకోడానికేమీ లేదట!

చక్రం బాధ వేరు. "నాతో ఒక్క ముక్క మాట్లాడదు మామా. గోడవైపు తిరిగి పడుకుంటుంది. అక్కడ మాత్రం తెగ చెబుతుందట. బిడ్డ నాకు మాత్రం బిడ్డ కాదా? ఆ నర్సమ్మ నాకంటే ఎక్కువైందా?" అంటూ బండిని కాలితో తన్నాడు.

కాంట్రాక్టర్ ఇది పసిగట్టాడు. ఎన్నడూ అగ్గిపుల్ల కూడా ఇవ్వనివాడు బాయిలర్ దగ్గరికొచ్చి సిగరెట్లు పంచాడు.

"మగాళ్లేనా మీరు? లోపల మీ పరువు మూటగట్టి ఉతుకుతున్నారు. తాళం వేయించనా?"

ఒక్కడూ వద్దనలేదు. తాళం పడింది. మాకు లోపల్లోపల సంబరం. ఆ పిల్ల మాత్రం మళ్లీ ముద్ద మానేసింది. సందు దొరికితే తొట్టివైపు చూస్తూ నిలబడేది.

ఓ నాలుగు రోజులకి, పొద్దున్నే ఆడవాళ్లు లోపలికి రాలేదు. గేటు ముందు రోడ్డు మీద గుండ్రంగా కూర్చున్నారు.

"మా మాటని మేమే గడప దాటిస్తున్నాం," అంది మా ఆవిడ. "గది తెరవాలి. చావు జరిగిన ఇంటివాళ్లకి సెలవియ్యాలి. అందాకా ఒక్క దుప్పటీ మడత పడదు."

మేం గేటు ఊచలకి చెవులానించాం. ఎవడి పేరు బయటపడుతుందోనని ఒకటే గుబులు. ఆవిరికి కాలిన చెయ్యి చూపిస్తే కాంట్రాక్టర్ నవ్వాడని ఒకావిడ చెప్పింది. కడుపుతో ఉన్నా కూర్చోనివ్వలేదని ఇంకొకావిడ. కాంట్రాక్టర్ కేకలు నిద్రలో కూడా వినపడి ఉలిక్కిపడుతున్నానని మరొకావిడ. అన్నీ వాడి మాటలే!

"మన ఊసే లేదేంట్రా?" అన్నాడు సబ్బు కలిపేవాడు. "కనీసం నా తాగుడు గురించైనా చెప్పుకోవాలి కదా!"

నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. మా ఆడవాళ్ల నిద్రలోకి కూడా ఆ కాంట్రాక్టరే దూరి కూర్చున్నాడు.

అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. "బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే సెలవడిగాను. బల్ల మీదివన్నీ అయ్యాక పొమ్మన్నాడు. అయ్యేసరికి..." పక్కనున్న మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన వీణ్ణి కొడతాడు, జైలుకి పోతాడు. బిడ్డా లేక, ఆయనా లేక, నేనెవర్ని చూసుకుని బతకాలి?"

చక్రం పిడికిలి బిగించి ఆఫీసు మెట్ల మీదున్న కాంట్రాక్టర్ వైపు నడిచాడు.

"ఒరేయ్!" మా ఆవిడ అరిచింది. "నువ్వొక్కడివే కొడితే వాడికి కావలసిందీ అదే. ఇలా వచ్చి కూర్చో!"

వాడు ఆగాడు. వెనక్కొచ్చి పెళ్లాం పక్కన కూలబడ్డాడు. ఒక్కొక్కళ్లం కదిలాం. నేను బాయిలర్ ఆర్పి మరీ వచ్చాను.

ఎండ నెత్తికెక్కేసరికి పోలీసు వ్యాను దిగింది. కాంట్రాక్టర్ తన చొక్కా తనే చించుకుని చక్రాన్ని చూపించాడు. "చెయ్యే తగల్లేదు!" అని గొంతులు పోయేలా అరిచాం. ఎవడు వింటాడు? ఈడ్చుకుపోయి ఎక్కించారు.

మళ్లీ తొట్టివైపు పోతుందేమోనని అందరం ఆ పిల్లనే చూశాం. లేచింది. స్టేషన్ దారి పట్టింది. వెనకే మేం, నర్సమ్మ, దారిలో పని ఆపేసి కలిసిన పక్క ఫ్యాక్టరీవాళ్లు.

స్టేషన్ మెట్ల మీద చతికిలబడి గొంతెత్తింది. "ఏమయ్యా, వినపడుతోందా? ఆ రోజు సంగతి మొదట్నుంచీ నీకే చెబుతా."

"చెప్పవే, వింటున్నా!" లోపల్నుంచి వాడి గొంతు.

పోలీసు లాఠీ ఊపాడు. ఒక్కరూ లేవలేదు. మెట్ల చుట్టూ, రోడ్డు నిండా, అవతలి అంగళ్ల దాకా గుండ్రంగా కూర్చున్నారు జనం.

నిజం చెప్పొద్దూ, కటకటాల వెనక పెళ్లాం గోడంతా తనే వింటున్న చక్రాన్ని తలుచుకుంటే నాకు కుళ్లొచ్చింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"నీ వంతూ వస్తుంది. కోతలు మానేసి, లోపల ఫిర్యాదు రాయిస్తున్న కాంట్రాక్టర్‌కి వినపడేలా చెప్పు."